చలికి బిగుసుకున్న టైర్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం తమ్ముడి ఆయాసంతో మొదలయ్యేది. మంచు పడే రోజుల్లో వాడి గుండెల్లోంచి పిల్లికూతలు వినపడేవి. ఆ చప్పుడు వింటూ మేమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళం.

ఒక తెల్లవారుజామున వాడి పెదవులు నల్లబడ్డాయి. నాన్న సరుకు కొనడానికి ఊరెళ్ళాడు. మా మండపేటలో తెలిసిన డాక్టరు గారు చూసి, వెంటనే రాజమండ్రి తీసుకెళ్ళమన్నారు. మా పెదనాన్నకు కారుండేది. వేసవిలో తారు కరిగే రోడ్ల మీద తొందరగా అరక్కుండా ఉంటాయని దానికి గట్టి రబ్బరు టైర్లు వేయించుకున్నాడు. ఎండల్లో అవి చక్కగా పనిచేశాయి. చలికాలానికి మార్చాలి, మార్చాలి అనుకుంటూనే రోజులు గడిపేశాడు.

అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. నేను ముందు సీట్లో ఎక్కాను. పెదనాన్న మాత్రం ఎక్కలేదు. వంగి ఒక్కో టైరునీ చేత్తో నొక్కి చూస్తున్నాడు. ఎండాకాలం టైరు పేలుతుందన్న భయంతో మా వైపు గాలి కాస్త తగ్గించి నడిపేవారు. అలా తగ్గించిన గాలి చలికి ఇంకా దిగిపోయిందట. చేతి పంపు తెచ్చి కొట్టడం మొదలుపెట్టాడు. బయట ఆ పంపు చప్పుడు, వెనక తమ్ముడి ఊపిరి చప్పుడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

బయలుదేరాక కూడా నెమ్మదే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలు, ఎదురుగా తెల్లటి మంచు. పాలాయన సైకిలు మీద మమ్మల్ని దాటి పోయాడు. అమ్మ ఆగలేకపోయింది.

“బావగారూ, పాల సైకిలు కూడా దాటిపోయిందండి. వీడికి ఊపిరందడం లేదు.”

“చూస్తున్నానమ్మా,” అన్నాడాయన. వేగం మాత్రం పెంచలేదు.

ఆయన ముందు ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, “మీ పిల్లాడైతే ఇలాగే నడుపుతారా?” అంది.

కొంత దూరం పోయాక కారు ఆగింది. రోడ్డంతా కోసిన వరి పనలు పరిచి ఉన్నాయి. కోతల రోజుల్లో మా వైపు అది మామూలే. వచ్చేపోయే బళ్ళు తొక్కితే గింజ రాలుతుంది, రైతుకు సగం పని తగ్గుతుంది. తొక్కించి పోవడం ఒక మర్యాద. పైగా గడ్డి మీద చక్రానికి మంచి పట్టు దొరుకుతుందని చాలామంది నమ్మకం. పెదనాన్న దిగి ఆ పనల్ని పక్కకు లాగడం మొదలుపెట్టాడు.

గట్టున చలి కాచుకుంటున్న రైతు లేచి వచ్చాడు. “ఏంటండి షావుకారు గారూ, మీ చక్రాలకి గుచ్చుకుంటాయనా? తొక్కించుకుంటా పోండి.”

“ఎండెక్కాక వస్తే రెండు సార్లు తొక్కిస్తా. ఇప్పుడు కాదు. లోపల పిల్లాడున్నాడు, పక్కన కాలవుంది. నువ్వూ ఓ చెయ్యెయ్యి.”

రైతు కారులోకి తొంగి చూశాడు. వెంటనే వంగి పనలు ఎత్తసాగాడు.

సాయం చేద్దామని నేనూ దిగాను. అడుగు వేశానో లేదో కాలు జారి కాలవ వైపు పడ్డాను. పెదనాన్న రెక్క పట్టుకుని లేపాడు. నా రబ్బరు చెప్పు విప్పించి, వంచి చూడమన్నాడు. పొద్దుటి చలికి అది అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది.

“మన టైర్లూ అంతేనమ్మా. ఎండలో రోడ్డుని పట్టుకుంటాయి, చలిలో వదిలేస్తాయి. ఈ గడ్డేమో మంచుకి తడిసింది. దీని మీద బ్రేకేస్తే బండి నా మాట వినదు.”

చెప్పింది నాకే అయినా, వెనక సీటు దాకా వినపడేలా చెప్పాడు. అమ్మ తమ్ముడి వీపు రాస్తూ ఉండిపోయింది.

చక్రాలు పట్టేంత దారి చేసుకుని మళ్ళీ కదిలాం. ముందు పోయే లారీకి బాగా దూరం ఉంచి నడిపాడు. మలుపు ఇంకా రాకముందే వేగం తగ్గించేవాడు. స్టీరింగు ఎంత మెల్లగా తిప్పేవాడంటే, అమ్మ ఒళ్ళో తమ్ముడి తల కదిలేది కాదు. ఎండ వచ్చి రోడ్డు ఆరాక మాత్రం, ఎవరూ అడక్కుండానే, జోరు పెంచాడు.

ఆసుపత్రి రాగానే అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలికి పరిగెత్తింది. నేను వెనక్కి తిరిగి చూస్తే పెదనాన్న ఇంకా సీట్లోనే ఉన్నాడు. ఇంజను ఆగిపోయినా ఆయన చేతులు స్టీరింగుని వదల్లేదు. ఒక్కో వేలినీ కష్టంగా విడదీసుకుంటున్నాడు. అంత చలిలోనూ చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. దారి పొడుగునా మా అందరికంటే ఎక్కువ భయపడ్డవాడు ఆయనేనని అప్పుడు తెలిసింది నాకు.

సాయంత్రానికి తమ్ముడు కళ్ళు తెరిచి పాలు అడిగాడు. తాను అలా అన్నందుకు బాధపడుతున్నానని అమ్మ ఆయనతో చెప్పలేదు. మా ఇళ్ళలో అలా చెప్పుకునే అలవాటు లేదు. కాఫీ తెప్పించి మొదటి గ్లాసు ఆయనకిచ్చింది. ఆయన తల వంచుకుని తాగాడు.

ఇప్పుడు మా మనవరాలు కారు నడుపుతుంది. చలి పొద్దుల్లో టైర్లలో గాలి చూసుకోమంటాను, ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చుంటాను. అయినా ఆ రోజు నాకు మిగిల్చింది టైర్ల సంగతి ఒక్కటే కాదు. ఆపద వేళ ఎవరైనా నెమ్మదిగా కదులుతుంటే, ఇంత వయసొచ్చాక కూడా, నా నోటిదాకా ఒక విసురు మాట వస్తుంది. అది అనబోయే ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తాను.