ఆరో నంబరు గంబూట్లు

మా తోడికోడలు నాగేంద్రమ్మ నడిచొస్తంటే వీధిలో కుక్కలు కూడా పక్కకి జరిగేవి. అంత వడి ఆ నడకకి. మా ఆయన అన్నగారి భార్య, నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. బావగారు పోయి పదకొండేళ్లయింది. పిల్లల్లేరు. మేజరు కాలవ చివర ఎకరంన్నర మాగాణి ఉంది, నల్లరేగడి. కౌలుకిచ్చేసి ఇంటిపట్టున ఉండక్కా అంటే వింటేగా! "నా మడికి నేను నీళ్లు కట్టుకోలేనా ఏంది?" అనేది. మా వైపు ఆడోళ్లు నాట్లేస్తారు, కలుపు తీస్తారు, కోత కోస్తారు, కానీ పార భుజానేసుకుని నీళ్లు కట్టడం మాత్రం మగాళ్ల పనంటారు. మా అక్క అట్టాంటి మాటలు చెవిన పెట్టే రకం కాదు. చీర మోకాళ్ల పైకి దోపి, గట్ల మీద తిరుగుతా, పక్క పొలం వాడు నీళ్లు లాక్కోడానికి గట్టుకి మడవ పెద్దది తీశాడంటే నిలబెట్టి కడిగేసేది.

చెప్పులేసుకునేది కాదు. పొలం గట్టు దగ్గర చెప్పులిడిచి, మట్టి కళ్లకద్దుకుని దిగడం మా అత్తగారి అలవాటు. ఈవిడ ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది, ఇంటి గుమ్మంలోనే ఇడిచేసి పోయేది. ఎండాకాలం మేం గాడిపొయ్యి మీద నడిచినట్టు గెంతులేస్తంటే, ఈవిడ నవ్వుకుంటా నడిచేది.

షుగరొచ్చి ఏడెనిమిదేళ్లయింది. మొదట్లో అరికాళ్లు మంటలు మంటలని ఏడ్చేది, బక్కెట్లో నీళ్లు పోసుకుని కాళ్లు ముంచుకుని కూర్చునేది. నాలుగేళ్ల కింద ఆ మంటలు ఆగిపోయినై. "తగ్గిపోయిందే సుకన్యా, ఆ పసరు మందు పనిచేసింది" అని సంబరంగా నాకు అరిసెలు కూడా పెట్టింది. నేను కూడా తిన్నా. తగ్గలా, కాళ్లు చచ్చుబడ్డాయని మా ఇద్దరు మొద్దులకీ తెలియలా.

పోయిన వేసవిలో కుడికాల్లో తుమ్మముల్లు దిగితే, రెండు రోజులు దాంతోనే తిరిగింది. నేను చూసి లాగేసరికి చిటికెనవేలు నల్లబడింది. నరసరావుపేటలో ఆ వేలు తీసేశారు. అక్కడ డాక్టరమ్మ హరిత అని, చిన్నపిల్ల, ఓపిక్కలది. మా అక్కని కళ్లు మూసుకోమని, సన్న దారం లాంటిది పెట్టి అరికాళ్ల కింద పొడుస్తానంది. తెలిసినప్పుడు చెప్పమంది. డాక్టరమ్మ ఇంకా దారం చేతిలోకి తీసుకోకముందే మా అక్క "ఆ, తెలస్తంది తెలస్తంది" అంటది! నాకు నవ్వాగలా. డాక్టరమ్మ మాత్రం నవ్వలా. నన్ను బయటికి పిలిచింది.

"ఆవిడ కాలు ఆవిడకి తెలియదమ్మా. ఈ కాలికి ఇంకో పుండు పడిందంటే మోకాలి కింద దాకా తీసేయాల్సొస్తుంది. ఒట్టికాళ్లతో బురదలో దిగనివ్వొద్దు. బూట్లు కొనండి, ఒక నంబరు వదులుగా, మేజోళ్లతో. రోజూ సాయంత్రం కాళ్లు మీరు చూడాలి, ఆవిడ కాదు, మీరు."

అట్టాగే అన్నా. తలకాయ కూడా ఊపా.

వినాయక చవితి వెళ్లాక కాలవకి నీళ్లొదులుతారంటే, మా ఊరి బాజీ ఆటోలో ఎక్కించుకుని నేనే మా అక్కని పేటకి తీసుకుపోయా. టార్పాలిన్ పట్టాలూ, తాళ్లూ, మందుకొట్టే పంపులూ అమ్మే మక్బూల్ కొట్లో గంబూట్లు గోడకి వేలాడతా ఉంటయి. మంచి మనిషి, అంటగట్టే రకం కాదు. వేళ్ల దగ్గర ఇనప రేకున్న జత నేను చేతిలోకి తీసుకుంటే ఆయనే లాక్కున్నాడు.

"ఇవి పిడుగురాళ్ల క్వారీల్లో వాళ్లకక్కా. రాయి పడ్డా వేళ్లు నలగవు. రేగట్లో వీటితో నాలుగడుగులు కూడా వేయలేరు."

ఇంకో జత తీసి మధ్యకి వంచి చూపించాడు. వంచిన చోట తెల్లగీత పడింది. ఇట్టా పడితే ఏడాదిలో అక్కడే పగిలిద్దంట. మూడో జత వంచాడు, గీత పడలా. లోపల గుడ్డ అంటించి ఉంది, అడుగున జారకుండా లోతు గాళ్లున్నయి, అతుకు ఎక్కడుందో వెతికినా కనపడలా. ఐదేళ్లయినా చెక్కుచెదరవన్నాడు. సరే అవే అన్నాం.

ఇంక నంబరు దగ్గరొచ్చింది తంటా. ఏడో నంబరు ఎక్కించాడు, మడమ దగ్గర నా రెండు వేళ్లు దూరినై. కొట్లో అటూ ఇటూ నడిపించాడు.

"ఎట్టా ఉందక్కా? ఎక్కడన్నా కరుస్తందా?"

"అబ్బే, హాయిగా ఉంది."

ఆరో నంబరు ఎక్కించాడు. ఎక్కించడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది. నడిచింది.

"ఇది?"

"ఇదీ హాయిగానే ఉంది."

మక్బూల్ ఏడో నంబరే తీసుకోమన్నాడు. డాక్టరమ్మా అదే చెప్పింది. నేనుంటే మాట సాగనిస్తానా! "డాక్టరమ్మ ఎప్పుడన్నా రేగట్లో కాలు పెట్టిందా? వదులు బూటేసుకుంటే కాలు పైకొచ్చిద్ది, బూటు బురదలోనే ఉండిపోద్ది. మాకు తెలియదా ఏంది? ఆరు కట్టు" అన్నా. మా వైపు ఎవరినడిగినా ఇదే చెబుతారు, రేగడికి బూటు బిగుతుగా ఉండాలని. నిజమే, కాళ్లున్నోళ్లకి నిజం. ఆ రోజు ఐదో నంబరు ఎక్కించి అడిగినా అది హాయిగానే ఉందనేది. పిల్లల బూట్లేసినా అదే మాట. అంత చిన్న సంగతి నా బుర్రకి తట్టలా. నా మొహం, నాకు బుర్రెక్కడుంది, నోరు తప్ప!

మొదట్లో అంతా బాగానే ఉంది. ఊళ్లోవాళ్లు "ఏం నాగేంద్రమ్మత్తా, మిలట్రీలో చేరావా?" అని ఏడిపిస్తే, "చేరా, ముందు నిన్నే కాలుస్తా" అనేది. రోజుకి రెండు గంటలేసుకునేది, నేను పొద్దుగూకేలోపు బూట్లు లాగి, కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో కూడా చూసేదాన్ని. "ఏమే, నీకింక వేరే పూజల్లేవా?" అని నవ్వేది. ఆ పదిహేను రోజులూ మేమిద్దరం అక్కచెల్లెళ్లకన్నా ఎక్కువగా ఉన్నాం.

తర్వాత నీళ్ల వంతొచ్చింది. మా ఇద్దరి మళ్లకీ ఒకటే పిల్లకాలవ. నాది పైన, దానిది కింద. మా ఆయనకి నడుం పట్టేసి పడుకుంటే నేనే పొలం పోయా. పోయేసరికి మా అక్క తన మడవ తీసేసింది.

"నా మడి తడవకముందే నీ మడవ ఎట్టా తీస్తావక్కా?"

"నీ మడి తడిసి కప్పలు కాపురం కూడా పెట్టినయ్. చూడు!"

లేత పైరు నాది, ఎండిపోతే ఏడాది గింజలు పోతయి. దానికీ అంతే. కానీ అంత మాట అనకూడదు నేను. "కుంటికాలేసుకుని నీకు సేద్యం దేనికే, పోయి మూల కూర్చో" అనేశా. అక్కా అని కూడా అనలా, ఒసే అన్నట్టే అన్నా. ఆవిడ నా వైపు చూసి, మడవలో మట్టేసి మూసేసి, గట్టెక్కి కూర్చుంది. తిడితే బాగుండేది.

మూడు రోజులు మాట్లాడలా మేము. నాది తప్పని నాకు తెలుసు. తెలిసినా పోయి పలకరించడానికి మనసొప్పలా. అదే ముందు రావాలని కూర్చున్నా. అది పొద్దున్నే బూట్లేసుకుని పోయేది, పొద్దుగూకాక వచ్చేది. మధ్యాన్నం అన్నానికి కూడా ఇంటికి రాలా, వంతు అయిపోద్దని. మూడోరోజు గట్టు మీద కుడికాలు ఈడ్చుకుంటా పోవడం చూశా. నేను పలకరించాలని వేషాలేస్తందిలే అనుకున్నా. అట్టా అనుకుని మొహం తిప్పేసుకున్నానమ్మా. ఇట్టాంటి దాన్ని ఏం చేసినా పాపం లేదు.

నాలుగో రోజు పొలంలో కనపడలా. మనసాగక ఇంటికి పోయా. వసారాలో నులకమంచం మీద పడుకుని ఉంది, ఒళ్లు పేలిపోతంది. ఎడమకాలికి బూటు లేదు. కుడికాలికి ఉంది.

"ఇదేందక్కా, బూటేసుకుని పడుకున్నావ్?"

"రావట్లేదే. మొన్నట్నుంచీ లాగుతున్నా. నువ్వుంటే ఇద్దరం లాగేవాళ్లం" అంది. కోపంగా కూడా అనలా.

దగ్గరికి పోతే వాసన. లాగితే కదల్లా. కాలు వాచి బూటు నిండా పట్టేసింది. కొడవలి తెచ్చి పైనుంచి కోయడం మొదలుపెట్టా. తెగితేనా! గట్టి బూటు. ఏడుస్తా, తిట్టుకుంటా కోశా. తెరిచాక మడమ దగ్గర చర్మం లేదు. వేలు తీసిన పక్క ఎముక తెల్లగా కనపడింది. మా అక్క మోచేతుల మీద లేవబోయి, "ఏముందే లోపల?" అంది, ఎవరిదో కాలు గురించి అడిగినట్టు.

బాజీ ఆటో వేగంగా పోనిచ్చాడు. హరితమ్మ చూసి, ఏమీ అడక్కుండా గుంటూరు రాసిచ్చింది. నన్నొక్కసారి చూసింది. ఆ చూపుకి నేను తలెత్తలేకపోయా. గుంటూరులో రెండు రోజులు సూదులేశారు, విషం పైకెక్కుతా ఉందన్నారు. ఆపరేషనుకి ముందు సంతకం నేనే పెట్టా. మోకాలి కింద తీసేశారు.

నేను నిజం చెప్పా దానికి. బూటు బిగుతుది కొనిపించింది నేనే, మూడు రోజులు చూడంది నేనే అని, మంచం పట్టెకి తలానించి ఏడ్చా. "ఊరుకోవే, కాళ్లు నావి, నాకే తెలియకపోతే నీకెట్టా తెలిసిద్ది?" అంది. నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని. పొలం కౌలుకిచ్చేయమంది, అడక్కుండానే. ఎవరికివ్వాలో కూడా చెప్పలా. ఆ మాటన్నాక గోడవైపు తిరిగి పడుకుంది. ఆ నడకా, ఆ నోరూ, ఆ పెత్తనం ఆ రోజుతో సరి.

కాలు తీసిన మూడోరోజు మధ్యాన్నం, బత్తాయి తొనలు వలిచి పెడుతుంటే ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం చెమటలు పట్టింది.

"సుకన్యా, కాలు నొప్పే. ఓర్చుకోలేకపోతున్నా."

"ఏ కాలక్కా?"

"కుడిదేనే. మడమ. బూటు లోపల నలిపేసినట్టుంది, అమ్మో!"

నర్సు దగ్గరికి పరిగెత్తా. తీసేసినాక కొంతమందికి అట్టాగే ఉంటదమ్మా, లేని కాలు నొప్పి పుడతది అంది. వెనక్కొచ్చా. నాలుగేళ్లలో ముల్లు దిగినా, వేలు పోయినా, ఎముక బయటపడినా కంటినీరు పెట్టని మనిషి, చిన్నపిల్లలా ఏడుస్తంది.

"కొంచెం నొక్కవే" అంది.

దుప్పటి మీద, ఏమీ లేని చోట, రెండు చేతులూ పెట్టి నొక్కా. పరుపు తగిలింది.

"ఇంకొంచెం కిందకి" అంది మా అక్క.