సందుకి అవతల పుట్టిల్లు

మొన్న మధ్యాహ్నం కూరగాయల సంచితో మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో ఎవరింట్లోంచో శొంఠి, పిప్పళ్ళు, వెల్లుల్లి నేతిలో వేగి బెల్లం పాకంలో పడిన వాసన వచ్చింది. ఎవరో బాలింతకి కాయం వండుతున్నారన్నమాట. ఘాటుగా ముక్కుకెక్కే ఆ వాసన నచ్చేవాళ్ళు తక్కువ. నేను మాత్రం గోడకి ఆనుకుని అక్కడే నిలబడిపోయాను. పొద్దున్నే కాయం ఉండ నా నోట్లో కుక్కిన చెయ్యి గుర్తొచ్చింది. "మింగు. మొకం అలాగెట్టకు. రుసి కోసం ఎట్టట్నేదు నీకు" అన్న గొంతు గుర్తొచ్చింది. ఆ గొంతు మా అప్పయ్యమ్మ పిన్నిది.

మా పిన్ని అంటున్నాను గాని, ఆవిడకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన చీపురుపల్లిలో స్కూలు మేస్టారు. స్టేషనుకి దగ్గర్లో ఒక సందులో అద్దెకి దిగాం. మా గుమ్మానికి సరిగ్గా ఎదురు గుమ్మం వాళ్ళది. ఆ సందులో ఎదురూ బొదురూ రెండు బళ్ళొస్తే ఒకటి ఆగాల్సిందే, అంత సన్నం. పిన్నికి ఊరవతల పొలం, పెరట్లో గేదెలు, విశాఖపట్నం హాస్టల్లో చదువుకునే ఇద్దరు కొడుకులు. ఆడపిల్లలు లేరు. గొంతు పెద్దది, మాట కటువు. పాలు పోయించుకోవడానికి వెళ్ళినా మొదట్లో గిన్నె అరుగు మీద పెట్టి వచ్చేసేదాన్ని, ఏమంటుందోనని భయం.

నాకు నెలలు నిండుతున్నకొద్దీ వేరే దిగులు పట్టుకుంది. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మాలో ఆనవాయితీ. నేను ఇంటర్ చదువుతుండగానే మా అమ్మ పోయింది. శృంగవరపుకోటలో నాన్న ఒక్కరే ఉండేవారు, అన్నం వార్చుకోవడమే ఆయనకి పెద్ద పని. సొంతూళ్ళో ఉన్న అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మంచం దిగలేరు. కాన్పంటే నాకు భయం లేదు, దానికి డాక్టరుంది. తరవాత సంగతేమిటి? పిల్లని ఎత్తుకోవడం, నీళ్ళు పొయ్యడం, ఏడిస్తే ఏం చెయ్యాలో తెలియడం ఇవన్నీ అమ్మ దగ్గరుండి నేర్పేవి. అమ్మే లేనిదాన్ని, నేను అమ్మనెలా అవుతాను? మా ఆయనకి చెబితే ఫోన్లో వీడియోలు బోలెడున్నాయన్నాడు. మంచివాడే పాపం, అంతకు మించి ఆయనకి తోచలేదు.

ఒకరోజు పిన్ని అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ "పురిటికి ఎప్పుడెల్తన్నావే?" అని అడిగింది. వెళ్ళడానికి పుట్టిల్లు లేదన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చేసింది. ఆవిడ ఓదార్చలేదు.

"నేకపోడమేటే? ఇదేటి మరి?" అని, తల కూడా తిప్పకుండా బొటనవేలితో వెనకున్న తన ఇల్లు చూపించింది.

ఊరికే అన్న మాటనుకున్నాను. ఆవిడ పంతులుగారి చేత మంచిరోజు పెట్టించింది. ఆ రోజు బట్టల సంచి పట్టుకుని నేను సందులో అడుగు పెట్టబోతుంటే ఎదురు గుమ్మంలోంచి ఒక్క కేక. "ఒసే, ఆగు! పుట్టింటికి నడిసి ఎవులొస్తారే?" బాబాయి, అంటే పిన్ని భర్త, అప్పటికే ఆటో తెచ్చారు. ఎక్కడికమ్మా అని డ్రైవరు అడిగితే ఎదురింటికి అన్నాను. అతను నా మొహం చూశాడు, పిన్ని మొహం చూశాడు, బండి స్టార్ట్ చేశాడు. ఆటో సందు దాటి, స్టేషను ముందు నుంచి బజారంతా తిరిగి, మళ్ళీ అదే సందులోకి వచ్చి ఆగింది. పిన్ని ఎర్రనీళ్ళు దిగదుడిచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. పొద్దున్నుంచీ నవ్వాపుకుంటున్నదాన్ని, గడప దాటాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా ఆయన తిప్పలు వేరు. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి నేరుగా పిన్ని ఇంట్లోకి వచ్చేయబోతే, "అల్లుడుగారు కబురైనా ఎట్టకుండా ఒచ్చేసినారేటి!" అని పిన్ని కాళ్ళకి నీళ్ళిచ్చి, మంచం వాల్చి, దుప్పటి పరిచింది. అప్పటినుంచీ పిలుపు వస్తేనే గాని ఆయన సందు దాటేవాడు కాదు. ఎదురు కిటికీలోంచి పిలుపు కోసం చూస్తుండేవాడు. నేనది చూసి చాటుగా నవ్వుకునేదాన్ని.

విజయనగరం ఆసుపత్రిలో పాప పుట్టింది. పిల్లతో సహా మళ్ళీ పిన్ని ఇంటికే వచ్చాను. కొత్త తల్లి సంతోషం గురించి అందరూ చెబుతారు గాని, పాలిచ్చేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి పుడుతుందని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రమయ్యేసరికి పాప గుక్కపెట్టి ఏడ్చేది. దానితోపాటు నేనూ ఏడ్చేదాన్ని. "ఏడవనీ. దానికి నోరుంది, నీకు సెవులున్నాయి. రెండూ బాగానే పనిసేస్తన్నాయి" అనేది పిన్ని. ఒకనాడు తెగించి అడిగేశాను.

"పిన్నీ, దీన్ని చూస్తే ప్రేమకంటే భయమే ఎక్కువేస్తోంది. నాలో ఏదైనా లోపముందా?"

"బయం నేకుండా పిల్లల్ని పెంచినోలు ఎవులే? పేమ దాని టయానికి అదొస్తాది. ముందు నువ్వు అన్నం తిను" అని వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ముద్దలు పెట్టింది. ఆవిడ అంత మామూలుగా అనేసరికి గుండెల మీంచి బరువు దిగిపోయింది.

రోజుకి ఒక్క గంట మాత్రం స్వర్గంలా ఉండేది. పెరట్లో పిన్ని పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పాపని పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోసేది. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది, పిన్ని సాంబ్రాణి పొగ వేసి గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టగానే నిద్రపోయేది. తడి ఆరని ఆ జుట్టు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది. "రేపు నువ్వు పొయ్యాల" అని పిన్ని రోజూ అనేది. సరేనని రోజూ తప్పించుకునేదాన్ని. చేతుల్లోంచి జారిపోతుందేమో, ముక్కులోకి నీళ్ళు పోతాయేమో అని వణుకు.

మూడో నెల దాటింది. ఇక అత్తారింటికి, అంటే ఎదురుగా ఉన్న మా ఇంటికి, పంపాలంది పిన్ని. మంగళవారం వద్దన్నాను. శుక్రవారం ఆడపిల్లని పంపరు కదా అన్నాను. ఇంకో రోజు అమావాస్య దగ్గర్లో ఉందన్నాను. అంతవరకు ఈ పట్టింపులకి నవ్విన మనిషిని, గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి వర్జ్యాలు వెతకడం మొదలుపెట్టాను. "సదువుకున్నదానివి, మా పంతులుకంటే ఎక్కువ సూస్తన్నావేటే!" అంది పిన్ని. తరవాత కాస్త మెత్తగా "ఆదివారం. అల్లుడుగారికి సెలవు" అంది. చలిమిడి, చీర, గిన్నెలు, పాపకి ఉయ్యాల సారె పెట్టి పంపింది. మళ్ళీ ఆటో, మళ్ళీ బజారు. ఎదురింటికి వెళ్ళడానికి నేను దారంతా ఏడ్చాను.

సోమవారం మా ఆయన స్కూలుకి వెళ్ళాక పాప మొదలుపెట్టింది. పాలు పట్టాను, భుజాన వేసుకుని తిప్పాను, జోకొట్టాను. ఊరుకోలేదు. నీళ్ళు పోసే వేళయింది. పిల్లని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాను. పిన్ని అరుగు మీదే ఉంది. నన్ను చూసింది, ఏడుస్తున్న పిల్లనీ చూసింది. లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. పగటిపూట ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంతైనా పరాయి మనిషేగా అనుకున్నాను. ఆ కోపంలోనే నీళ్ళు కాచి, మోచేతితో వేడి చూసుకుని, మా పెరట్లో పీట వేసుకుని కాళ్ళు చాపాను. పాప జారలేదు. వీపు కింద నా చెయ్యి ఎక్కడ పెట్టాలో నా చేతికి అప్పటికే తెలుసు. నీళ్ళు పోశాను, తుడిచాను, పొగ వేశాను. నా ఒళ్ళో అది నిద్రపోయింది. కోపం ఇంకా తగ్గలేదు గాని దాని మొహం చూస్తుంటే ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది, ఎవరో చెబితే వచ్చింది కాదు. ఇది నా పిల్ల అని మొదటిసారి అనుకున్నాను.

సాయంత్రం పిన్ని వచ్చింది, చుట్టం చూపుగా, గుమ్మంలో చెప్పులు విడిచి. మంచినీళ్ళిచ్చి, మొహం చూడకుండా అడిగాను.

"పొద్దున్న తలుపెందుకేసేశావు పిన్నీ?"

ఆవిడ నీళ్ళు మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది.

"తీసుంటే ఒచ్చేద్దును గాదేటే" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉయ్యాల్లో పాపని ఒకసారి చూసి, ఎత్తుకోకుండానే వెళ్ళిపోయింది.

తరవాత మాకు విజయనగరం బదిలీ అయింది. సెలవులు ఇచ్చారంటే పిల్లని తీసుకుని చీపురుపల్లి బండెక్కేదాన్ని. పోయినేడు పిన్ని పోయింది. కబురు అంది బయలుదేరాం గాని దారిలో బస్సు చెడిపోయి ఆలస్యమైంది. సందులో జనం నిండిపోయి ఉన్నారు. పొద్దుపోతోంది, తీసెయ్యండని పెద్దలు తొందరపెడుతున్నారు. పెద్దకొడుకు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మా అప్ప రావాల. అప్పొచ్చేదాకా తియ్యడానికి నేదు."

"మీకు అప్పెవుల్రా? మీ యమ్మకి ఆడపిల్లల్నేరు గదా?" అని ఎవరో అడగడం సందు మొదట్లో ఉన్న నాకు వినిపించింది. వాడు నన్ను చూసి దారి ఇచ్చాడు.

మా అమ్మాయి ఇప్పుడు తన జడ తనే వేసుకుంటానని గంటసేపు అద్దం ముందు చిక్కులు పడుతుంది. నా చేతులు ఊరుకోవు, వంటింట్లోకి వెళ్ళి ఏదో పని కల్పించుకుంటాను. అలా వెళ్ళడం ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు. కొత్తగా పరిచయమైన ఆడవాళ్ళు మాటల మధ్యలో మీ పుట్టిల్లెక్కడండీ అని అడుగుతుంటారు. నేను పుట్టి పెరిగింది శృంగవరపుకోటలో. చీపురుపల్లి అని చెబుతాను.