కడుగునీళ్ళ మల్లె

మల్లెపూల గురించి ఎవరైనా మురిసిపోతూ మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. అవి పూయాలంటే ఎంత చాకిరీ చెయ్యాలో వాళ్ళకేం తెలుసు! నాకు తెలుసు. పంతొమ్మిది వందల యాభైల్లో, ఆదోనిలో, మా పెరట్లో ఆ చాకిరీ అంతా మా అమ్మే చేసింది.

ఆ మల్లె అంటును అమ్మ పుట్టింటి నుంచి, ఎమ్మిగనూరు నుంచి, తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. చలికాలంలో నీళ్ళు ఆపేసేది. ఆకు దూసి కొమ్మలు కత్తిరించేది. అప్పుడు చూస్తే ఎండిపోయిన కంపలా ఉండేది. శివరాత్రి ముందర మొదలు తవ్వి, పశువుల ఎరువు వేసి, మళ్ళీ నీళ్ళు పెడితే ఉగాదికల్లా చెట్టంతా మొగ్గలే.

ఆ మొగ్గల్లో ఒక్కటి కూడా అమ్మ కొప్పులోకి రాలేదు. నాయన మా వీధి ఆంజనేయస్వామి గుడిలో పూజారి. పూలన్నీ స్వామికేనని నాయన వాళ్ళమ్మ, మా అవ్వ, ఎప్పుడో తేల్చేసింది. పైగా దేవుడి చెట్టుకు మడినీళ్ళే పొయ్యాలట. అంటే అమ్మ పొద్దున్నే తలమీద నీళ్ళు పోసుకుని, తడిచీరతోనే బావిలో నీళ్ళు చేది పొయ్యాలి. అరుగు మీద కూర్చుని చెప్పడానికి అవ్వకేం పోయింది! నాయన వినీ విననట్టు ఊరుకునేవాడు. ఆ ఊరుకోవడం మీదే నాకు ఎక్కువ కోపం.

ఒక ఏడు ఎండలు ముదరకముందే మా బావి అడుగంటింది. బిందెడు నీళ్ళ కోసం అమ్మ ఊరి చివరి దాకా పోవలసి వచ్చింది. మొగ్గ తొడిగిన చెట్టు వాడిపోతుంటే చూడలేక, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసింది. చెట్టు తేరుకుని ఎప్పుడూ లేనంతగా పూసింది. ఆ పూలతోనే నాయన స్వామికి మాలలు వేశాడు. స్వామి ఏమీ అనలేదు. ఒకరోజు అమ్మ ఆ నీళ్ళు పోస్తుండగా అవ్వ చూసింది.

"ఎంగిలి నీళ్ళు పోస్తాండావా? ఈ పూలేనా స్వామి మెడలో ఏయించింది? ఇల్లు నాశనమైపోతాదే!" అని అరిచి, నాయనను పిలిచింది. "ఒరే, గడ్డపార త్యా. ఈ చెట్టు పీకి అవతల పారెయ్."

నాయన గడ్డపార తెచ్చాడు. నిజంగానే తెచ్చాడు! ఎండలో బిందెలు మోసిన మనిషి ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు.

అమ్మ వెళ్ళి చెట్టుకు అడ్డంగా నిలబడింది. తాపీగా మొగ్గలు కోసి కొంగులో వేసుకుంది.

"దేవునికి పనికిరాకుంటే పోనీలే అత్తా," అంది. "పెండ్లైన కాడ నుంచి మీ కొడుకు తిని లేసిన ఆకులోనే తింటాండాను. ఆ ఎంగిలి నాకు పుణ్యమంటిరి. ఈ చెట్టుకు మాత్రం పాపమెట్లయితాది?"

మా ఇళ్ళలో ఆడవాళ్ళు మొగుడు తిన్న విస్తరిలోనే తినాలి. అది గొప్ప సంగతని మా ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నూరిపోసేవాళ్ళు. నాయన గడ్డపారను గోడకు ఆనించాడు.

అమ్మ ఆ మొగ్గలు మాల కట్టి కొప్పులో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నాయన తిని లేవగానే ఆయన విస్తరి తీసి బయట పారేసింది. తనకు కొత్త విస్తరి వేసుకుంది. పక్కనే నాకూ ఒకటి వేసింది.