పుల్లనారింజ పడని అతిథిగారు

మా బావ ఫరామర్జ్‌కి షీరాజ్ నగరం మొత్తంలో ఇంకెవరికీ లేని అలవాటు ఒకటుంది. ఏదైనా వద్దంటే మొదటిసారే వద్దంటాడు. పైగా ఆ వద్దు నిజంగానే వద్దు.

మా ఊళ్ళో వద్దు అనేది జవాబు కాదు, మర్యాద. టీ ఇస్తే వద్దనాలి. మళ్ళీ అడిగితే మీకెందుకండీ శ్రమ అనాలి. మూడోసారి బతిమాలాక, మీ మాట కాదనలేక అన్నట్టు అందుకోవాలి. మా ఇఫ్ఫత్ పిన్ని అయితే మూడుసార్లు వద్దన్నా నమ్మదు. అన్నిసార్లు వద్దన్నాడంటే పాపం బాగా ఆకలి మీద ఉన్నాడని ఇంకో గరిటె వేస్తుంది.

ప్రతి శుక్రవారం బంధువులందరం పిన్ని ఇంట్లోనే తింటాం. ఆవిడ పెరటి నిండా పుల్లనారింజ చెట్లు. ఆ కాయ రసం లేనిదే షీరాజ్‌లో ముద్ద దిగదు, నిజమే. కానీ పిన్ని చేప మీద పిండి, అన్నం మీద పిండి, సూపులో పిండి, అప్పటికీ చేతిలో సగం చెక్క మిగిలితే దాన్నేం చెయ్యాలా అని మన కంచాల వంక చూస్తుంది. సరిగ్గా ఆ సమయంలో బావ గొంతు లేస్తుంది.

"అత్తయ్యగారూ, దీంట్లో పుల్లనారింజ పిండారా?"

"పిండకుండా ఎలా ఉంటుంది నాయనా?"

"అయితే వద్దు. మా అతిథిగారికి పడదు."

అతిథిగారంటే బావ కడుపులో ఉన్న కిడ్నీ. ఎవరో పుణ్యాత్ముడు పోతూ పోతూ ఇచ్చిపోయింది. ఆపరేషన్ అయిన నాటి నుంచి బావ దాన్ని కిడ్నీ అనగా నేను వినలేదు. అతిథిగారు నిద్రపోతున్నారు, అతిథిగారికి దాహమేస్తోంది, అతిథిగారు ఎండలోకి రారు అంటూ మొదలెట్టేవాడు. మా అక్క తూబా మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత తలుపు తీసి, "అతిథిగారు వచ్చారా, వారితో మీరూ వచ్చారా" అని అడగడం మొదలెట్టింది.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఒంట్లో బాగానే ఉందిగా బావా, ఇంకా ఎన్నాళ్ళు ఆ మాత్రలు?"

"అతిథిగారు ఉన్నన్నాళ్ళు. ఒంట్లో కాపలావాళ్ళుంటార్రా హూమన్. వాళ్ళకి అతిథిగారు దొంగలా కనిపిస్తారు. ఈ మాత్రలు వాళ్ళని కాస్త మగతలో ఉంచుతాయి. బాగానే ఉంది కదా అని మానేశామో, లేచి కర్రలు పట్టుకుంటారు."

"మరి పుల్లనారింజ ఏం చేసింది?"

"అది మందుని బయటికి పోనివ్వదు. రక్తంలో మోతాదు మించిపోతుంది. అప్పుడు ఆ మందే అతిథిగారిని కొడుతుంది."

"సరే, ఒక పూట మర్చిపోయావనుకో. తర్వాతి పూట రెండూ కలిపి వేసుకుంటే సరిపోదా?"

"నిన్న భోంచెయ్యలేదని ఇవాళ రెండు భోజనాలు ఒక్కసారే తింటావా?"

"తింటాను."

"నువ్వు తింటావు. నేనైతే డాక్టరమ్మకి ఫోన్ చేసి అడుగుతాను."

ఆ డాక్టరమ్మని అడగకుండా బావ తుమ్ముకి కూడా మందు వేసుకోడు. ఓసారి పిన్ని ముచ్చటపడి ఏడు మూలికలు కాచి దింపిన అర్కం సీసాడు ఇచ్చింది. కిడ్నీలకి మంచిదని వాళ్ళమ్మమ్మ చెప్పిందట. బావ సీసా తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించి, మర్నాడు అలాగే తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. "ఆవిడ వద్దన్నారు. అసలు ఎవరికీ ఇలా ఇవ్వొద్దని చెప్పమన్నారు." పిన్ని ఆ అర్కం నాలుగు గుటకలు తాను తాగితే గానీ ఆ అవమానం దిగలేదు.

ఇంతకంటే పెద్ద గొడవ కోడిపుంజుది. మందు వేళ అయ్యేసరికి బావ ఫోన్లో కోడి కూస్తుంది, అదీ మామూలు కూత కాదు, వీధి చివర కుక్కలు లేచేంత కూత. కూయగానే బావ లేచి నిలబడి, "మందుల వేళయింది, ఎవరి మాత్రలు వాళ్ళు వేసుకోండి" అని కేకేస్తాడు. చుట్టూ ఎవరున్నారు, ఏం జరుగుతోంది, ఇవేవీ చూడడు.

పిన్ని కొడుకు బెహ్‌రంగ్ పెళ్ళిలో కూడా చూడలేదు. పెళ్ళికూతురు సెపీదే ముసుగులో బొమ్మలా కూర్చుంది. మౌల్వీగారు సమ్మతమేనా అని అడిగారు. ఆడవాళ్ళందరూ రివాజు ప్రకారం, "పెళ్ళికూతురు పూలు కోయడానికెళ్ళింది" అన్నారు. రెండోసారి అడిగితే పన్నీరు తేవడానికెళ్ళింది అన్నారు. మూడోసారికి జవాబు చెప్పాలి, అడిగారు. ఆ అమ్మాయి నోరు తెరవబోయేంతలో కొక్కొరొకో అని కోడి అంది.

మౌల్వీగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బావ లేచి, "మందుల వేళయింది" అన్నాడు. మా వాళ్ళకి అప్పటికే అలవాటైపోయింది కదా, బీపీవాళ్ళు బీపీవి, షుగర్‌వాళ్ళు షుగర్‌వి తీశారు, పెళ్ళికూతురి తల్లి ఒక గ్లాసు నీళ్ళు ముసుగులోకి అందించింది. అంతా సర్దుకున్నాక సెపీదే సమ్మతమేనంది. పిన్ని మాత్రం బావతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా భోజనానికి పిలుస్తూనే ఉంది, అది వేరే విషయం.

పెళ్ళయ్యాక బావ మరీ మొండికెత్తాడు. తన కోసం పుల్లనారింజ తగలని వంట విడిగా పెట్టించుకుని, సెపీదే పక్కనే కూర్చుని, రెండు ముద్దలు తిని, "అబ్బే, ఎక్కువైపోయింది, నువ్వు కానియ్యమ్మా" అని గిన్నె ఆ పిల్ల వైపు తోసేవాడు. ఇంత గోల చేసి వండించుకుని తినకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అనేశాను కూడా. బావ నవ్వి, గిన్నె ఇంకాస్త ఆ పిల్ల వైపు జరిపాడు.

ఒక శుక్రవారం పొద్దున బావకి జ్వరం తగిలింది. అతిథిగారున్న ఇంట్లో జ్వరాన్ని చిన్నచూపు చూడకూడదని వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే, వచ్చి పడుకోమన్నారు. అక్కడి నుంచి నాకు ఫోన్.

"హూమన్, మధ్యాహ్నం పిన్ని ఇంట్లో నాలాగా గోల చెయ్యాలి. పుల్లనారింజ పడదను. విడిగా వండించు. సెపీదే పక్కన కూర్చో."

"ఎందుకు?"

"అడక్కు. అది నేను చెప్పాల్సిన మాట కాదు."

మా బావ గొంతులో ఎప్పుడూ లేని బెదురు వినిపించింది. సరేనని వెళ్ళి, కంచం ముందు కూర్చుని, "పిన్నీ, నాకు పుల్లనారింజ పడదు" అన్నాను.

"పోయిన వారం చేప మీద పిండింది చాలక చెక్క కూడా చీకావు. ఏరా, నువ్వు కూడా మొదలెట్టావా?" అని పిన్ని నా కంచంలో రెండు చెక్కలు పిండేసింది. నా గోల అక్కడితో సరి. తర్వాత చేప పళ్ళెంతో సెపీదే దగ్గరికెళ్ళింది.

"వద్దత్తయ్యా."

"నీకు మొహమాటం ఎక్కువే తల్లీ."

"నిజంగా వద్దండీ."

"చిక్కిపోయావు, బెహ్‌రంగ్ వస్తే నన్నంటాడు." వాడు సముద్రం మీద గ్యాసు బావుల్లో పని చేస్తాడు, సెలవుకి గానీ రాడు. పిన్ని ఓ పెద్ద చేప ముక్క వేసి, దాని మీద కాయ పెట్టి పిండబోయింది. సెపీదే తెల్లబోయి నా వైపు చూసింది.

ఆ పిల్ల రెండు చేతులూ కంచం మీద మూతలా పెట్టేసింది. "అత్తయ్యా, నా దగ్గర కూడా ఒక అతిథి ఉంది."

పిన్ని మొహం విచ్చుకుంది. "నిజమా తల్లీ? ఎన్నో నెల?"

"ఆ అతిథి కాదత్తయ్యా. ఫరామర్జ్ అన్నయ్య దగ్గరుందే, అది."

అప్పుడు తెలిసింది మాకు. సెపీదేకి పెళ్ళికి ముందే కిడ్నీ మార్చారు. బెహ్‌రంగ్‌కి తెలుసు. అత్తగారికి నేనే చెప్తానని మాటిచ్చిన పిల్లకి నోరు పెగల్లేదు. తెలిస్తే కోడల్ని కాకుండా రోగిని చూస్తారని భయం. బావ ఆసుపత్రిలో వంతు కోసం బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నవాడే, అలా తనకి తెలిసింది. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు. ఆ పిల్ల వద్దన్నా ఎవరూ వినని ఊళ్ళో, ఆమె వద్దు కూడా కలిపి తనే గట్టిగా అరుస్తూ వచ్చాడు. ఊరంతా మొరటువాడని నవ్వుకుంటే నవ్వుకోనిచ్చాడు.

పిన్ని చేతిలోని కాయని కిటికీలోంచి పెరట్లోకి విసిరింది. "ఇంట్లో అతిథిని పెట్టుకుని నాకు చెప్పవా? ఇన్నాళ్ళూ ఏం పెట్టావు ఆ అతిథికి? నేనేం పెట్టకూడదో ఇప్పుడే చెప్పు, మొత్తం చెప్పు." ఆ రోజు మిగతావాళ్ళం అందరం ఎండురొట్టె తిన్నాం. వంటింట్లో ప్రతి డబ్బా మూతా తీయించి సెపీదేకి చూపించేదాకా ఆవిడ ఎవరికీ వడ్డించలేదు.

రెండు వారాలకి బావ తేరుకుని వచ్చాడు. ఇక అరవాల్సిన పని లేదు కదా, పిల్లిలా కూర్చున్నాడు. పిన్ని టీ కప్పు పట్టుకొచ్చి ముందు పెట్టింది. బావ పెద్దమనిషిలా చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "వద్దత్తయ్యగారూ, మీకెందుకు శ్రమ" అన్నాడు.

మా బావకి ఇంత మర్యాద తెలుసని ఆ రోజే చూశాం.

కానీ పిన్ని మారిపోయింది. వద్దంటే వద్దని ఒక్క దెబ్బకి నేర్చుకుంది. "సరే నాయనా" అని కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ ఆ గుమ్మం వైపు అలా చూస్తూనే ఉన్నాడు. "రెండోసారి అడగరా?" అని మెల్లగా నన్నడిగాడు.

"అడగరు బావా," అన్నాను, నా టీ చప్పరిస్తూ.