సార్ పేరు తీసేసిన రోజు

మా కంప్యూటర్ సార్ ఇక లేరని వినగడప నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. గంపలగూడెంలో షేర్ ఆటో ఎక్కి నేను తిరువూరు చేరేసరికి వాళ్లింట్లో ప్రార్థన జరుగుతోంది. అప్పటికే సమాధి చేసేశారు, ఆయన ముఖం చూడలేకపోయాను.

తిరువూరులో ఎరువుల కొట్టు మీద గదిలో ఆయన మాకు ప్రోగ్రాములు రాయడం నేర్పారు. చుట్టుపక్కల బడుల కోసం అందరం కలిసి ఒకటి తయారుచేశాం. హాజరు ఒక మాడ్యూలు, మార్కులు ఒక మాడ్యూలు, అలా తలా ఒక భాగం. కోడ్ అంతా నెట్‌లో ఒకే రిపాజిటరీలో, అంటే అందరం దాచుకునే ఒకే చోట, ఉండేది. అందులోని మాడ్యూళ్ల జాబితాలో చేరిస్తేనే ఏదైనా బడిలో తెర మీద కనిపిస్తుంది.

నేను హాజరు మాడ్యూలు రాసి, జాబితాలో చేర్చడం మరిచి, కనిపించడం లేదని ఏడుపు మొహం పెట్టాను. సార్ నవ్వేశారు.

"గది కట్టావు, బానే ఉంది. గుమ్మం ఏదమ్మా?"

తర్వాత జాబితాలో దాని పక్కన నా పేరు నాచేతే రాయించి, అందరికీ బజ్జీలు తెప్పించారు. కొత్త మాడ్యూలు చేరిన ప్రతిసారీ బజ్జీలే. పక్కన మనిషి పేరు లేనిదే దేన్నీ చేర్చనిచ్చేవారు కాదు. "టీచర్లకి ఇబ్బందొస్తే ఎవర్ని అడగాలి మరి?" అనేవారు. ఆ పేరున్న వాళ్ల ఫోనుకే టీచర్ల ప్రశ్నలు వెళ్తాయి. మార్కుల మాడ్యూలు పక్కన ఆయన పేరు.

సమాధి చేసిన వారానికి సార్ భార్య ఫోన్ చేశారు. ఆమెను ఆంటీ అంటాం. బడుల్లో పరీక్షలైన రోజులవి.

"ఆయన ఫోను మోగుతూనే ఉందమ్మా. మోగినప్పుడల్లా గుండె జారిపోతోంది. ఆపే దారి ఉందా?"

ఉంది. జాబితాలో ఆయన పేరు తీసి నా పేరు పెట్టాలి. ఒక్క వరస. దానికి నాకు చేతులు రాలేదు. చివరికి తీసేశాను. ఎందుకు మార్చారో రాయమని రిపాజిటరీ అడిగింది. "సార్ లేరు" అని రాసి, కుర్చీలోనే కూర్చుని ఏడ్చాను.

రెండు రోజులకి ఆంటీ మళ్లీ చేశారు.

"మోగట్లేదమ్మా," అన్నారు. "ఇల్లంతా ఎలాగో ఉంది. మళ్లీ పెట్టవా?"

ఆమె లైన్లో ఉండగానే నా పేరు కింద సార్ పేరు చేర్చాను. సరిగా చేరిందో లేదో చూద్దామని మార్కుల మాడ్యూలు నుంచి ఒక ప్రశ్న పంపాను. లైన్లో ఆంటీ వెనకాల, అవతల గదిలో సార్ ఫోను మోగడం వినిపించింది.

"ఏవండీ," అన్నారు ఆంటీ, నాతో కాదు, "మీకే."