మూతి దగ్గర మసక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న కంపెనీలో పారదర్శకంగా ఉండే తెరలు తయారుచేసే పని నాది. టీవీ లాంటివే, కానీ వాటిలోంచి అవతలి మనిషి కనిపిస్తాడు, అదే అద్దం మీద అక్షరాలూ వెలుగుతాయి. షోరూముల వాళ్ళు మోజుపడి కొనుక్కుంటారు. అవన్నీ ఇప్పుడు నాకు పెద్దగా గుర్తు లేవు. వర్తూరు వైపు ఒక ఆసుపత్రిలో, రోగుల పేర్లు రాసుకునే కౌంటర్లో పెట్టిన ఒక్క తెర మాత్రం గుర్తుంది.

ఆ కౌంటర్లో కూర్చునే అక్కకు వినపడదు. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు అక్కడే నర్సు. మెదడువాపు జ్వరం వచ్చి తగ్గింది గానీ చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. కన్నడమైనా, తెలుగైనా, తమిళమైనా పట్టేసేది. పేర్లు, వయసులు మాత్రం అప్పుడప్పుడు తప్పిపోయేవి. అందుకని మా తెర పెట్టించారు. అవతలి మనిషి మాట్లాడితే ఆ మాటలు తెర కింది అంచున అక్షరాలుగా వస్తాయి, వాటికి కాస్త పైన ఆ మనిషి మూతి కనిపిస్తుంది. రెండూ కలిపి చదువుకుంటూ చకచకా పని కానిచ్చేది.

ఒకరోజు స్ట్రెచరు తగిలి తెర బీటలు వారింది. మేం అప్పటిదాకా చేసిన తెరలకు మరమ్మతు అన్నది లేదు. అద్దాల మధ్య జిగురు ఒకసారి గట్టిపడితే అంతే, పగిలింది పారేసి కొత్తది తెప్పించుకోవాలి. అంత ఖర్చు మళ్ళీ పెట్టలేమంది ఆసుపత్రి. ఆమెను వెనకాల పాత ఫైళ్ళ గదిలోకి పంపేశారు. కౌంటర్లో పక్క కుర్చీ వేసి కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. మూడు నెలల్లో తెర కుదరకపోతే ఆ అమ్మాయినే ఉంచేస్తామని అక్కడి మేనేజరు చెప్పాడు.

నేను వెళ్ళేసరికి అక్క కుర్చీలో ఊలుతో అల్లిన దిండు అలాగే ఉంది. ఫైళ్ళ గదిలోకి వెళ్ళి, దిండు తెచ్చుకోలేదేం అని అడిగాను.

"ఎందుకప్పా తెచ్చుకునేది? మళ్ళీ నేనే గదా ఆడ కూచునేది" అంది.

ఎలాగైనా బాగుచేయడానికి వీలయ్యే తెర తయారుచేయాలని ఆ గదిలోనే అనుకున్నాను.

దెబ్బ తగిలే పై అద్దాన్ని విడిగా పెట్టాం. వేడి చేస్తే పట్టు వదిలేసే జిగురు వాడాం, పగిలినదాన్ని ఊడదీసి కొత్తది అంటించుకోవచ్చు. చెప్పడానికి తేలికే. పాత జిగురు పిసరంత మిగిలినా, కొత్త జిగురులో పిసరంత గాలి చిక్కినా, వెలుగు అక్కడ చెదిరి మసక కమ్ముతుంది. శుభ్రంగా తుడవడం చేతకావడానికే మాకు పదిహేను రోజులు పట్టింది. చివరికి మసకను కొలిచే యంత్రం, కొత్త తెరకూ బాగుచేసిన తెరకూ తేడా లేదని చూపించింది. కాలరు ఎగరేసుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్క తన కుర్చీలో కూర్చుని చూసింది.

"మూతి దగ్గర మసగ్గా ఉండాదప్పా."

"రీడింగ్ పర్ఫెక్ట్‌గా ఉంది అక్కా. మీకు అలా అనిపిస్తోందేమో" అన్నాను.

"ఇట్ల వచ్చి కూచొని చూడు."

నేను వెళ్ళలేదు. యంత్రం చెప్పాక ఇంకా చూసేదేముంది? నాతో పనిచేసే నెల్లూరు మిత్రుడు వెళ్ళి, ఆమె పక్కన వంగి, నన్ను ఏదైనా మాట్లాడమన్నాడు. మాట్లాడాను.

"నిజమే అన్నా. లిప్స్ దగ్గర కొంచెం బ్లర్ అవుతోంది."

కారణం తెలిశాక నాకు తల కొట్టేసినట్టయింది. బల్లల మీద చోటు లేదని, జిగురు ఆరేదాకా తెరను గోడకు ఆనించి నిలబెట్టాం. జిగురు మెల్లగా జారి కింది భాగంలో హెచ్చుతగ్గులుగా పేరుకుంది. మేం యంత్రం పెట్టి కొలిచిందేమో నట్టనడుమ. ఎదురుగా కూర్చునే మనిషి మూతి ఎక్కడికొస్తుందో ఒక్కసారి తలుచుకుని ఉంటే మొదటిరోజే తెలిసేది. తప్పు నాదని ఒప్పుకోవాల్సింది పోయి, నేను ఆమె మీదే విసుక్కున్నాను.

రెండోసారి పడుకోబెట్టి ఆరబెట్టాం. "ఇప్పుడు మేలు. కానీ ఈ పక్క ఇంకా స్వల్ప ఉండాది" అంది. మళ్ళీ ఊడదీశాం.

మూడోసారి తీసుకెళ్ళేసరికి గడువు రెండు రోజులే మిగిలింది. ముందు వట్టి అద్దం చూడనిద్దామని తెర ఆన్ చేయలేదు, మాటలు విని అక్షరాలకు అందించే మైకు కూడా ఆపేసి ఉంది. మేమిద్దరం రోగులు కూర్చునే వైపు ఉన్నాం. ఆమె కళ్ళు చిట్లించి చూస్తోంది. కాస్త వంగి చూస్తోంది, మళ్ళీ నిటారుగా కూర్చుని చూస్తోంది. ఎంతకీ ఏమీ అనదు. నా ఓపిక అయిపోయింది. మిత్రుడి వైపు కొంచెం తిరిగి, గొంతు బాగా తగ్గించి అన్నాను: "ఈవిడకి చెవులతో పాటు కళ్ళు కూడా పోయినట్టున్నాయిరా."

గొంతు తగ్గించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. పెదవులు చదివే మనిషి కోసం మూడు నెలలు ఆ అద్దంతో కుస్తీ పట్టినవాణ్ణి, ఆమె ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించాను.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. మేం తెచ్చిన కాగితం దగ్గరికి లాక్కుంది. తెర సరిగా ఉందని ఆమె సంతకం పెడితేనే ఆసుపత్రి తీసుకుంటుంది. సంతకం పెట్టి, తెర కింద సందులోంచి నా వైపు తోసింది.

"కండ్లు బాగానే ఉండాయప్పా. ఒక్క మాట గూడా పోలేదు. నీ తెర బాగా కుదిరింది."

మిత్రుడు గోడ వైపు చూస్తున్నాడు. అంత గట్టి పరీక్ష మా యంత్రం ఏనాడూ పెట్టలేదు. పని గెలిచింది, ఆమె కుర్చీ ఆమెకు దక్కింది, నాకేమో ఏడుపొస్తోంది. తల దించుకుని, "తప్పయిపోయింది అక్కా, క్షమించండి" అన్నాను.

ఆమె వేలితో అద్దం మీద రెండుసార్లు కొట్టింది.

"తలకాయ ఎత్తి చెప్పప్పా. కిందికి చూస్తా చెబితే నాకెట్ల తెలుస్తాది?"

తల ఎత్తాను. ఆమె కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా విడివిడిగా, మళ్ళీ చెప్పాను.