కోళ్ల ఫారం చుట్టూ ప్రదక్షిణలు

ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కువ, భయం తక్కువ, బుద్ధి సంగతి మీరే చదివి తేల్చండి. తూంకుంటలో మా కాలనీలో ప్రతి శనివారం సత్సంగం జరిగేది. ఏడేళ్లప్పటి నుంచి అమ్మతో వెళ్ళినదాన్ని కనుక, ఒకసారి సంకల్పం చెప్పుకున్నాక పూజ మధ్యలో లేవకూడదన్న నియమం నాకు నరనరానా జీర్ణించుకుపోయింది. కరెంటు పోయినా లేవకూడదు, కుక్కరు కూతలు పెట్టినా లేవకూడదు. (ఓసారి పప్పు మాడి, పొగ హాల్లోకి వచ్చేసినా అందరం దగ్గుతూనే హారతి పూర్తిచేశాం.) ఇంత నిష్ఠ గల పిల్ల విమానం నడపడం నేర్చుకుంటే ఏమవుతుందో మాత్రం సత్సంగంలో ఎవరూ ఆలోచించలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే దారిలో, పొలాల మధ్య ఓ చిన్న రన్‌వే ఉండేది. ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానాల్లో అక్కడ శిక్షణ. మా గురువుగారిని చాటుగా ఖతం సార్ అనేవాళ్ళం. బాగా దిగితే "ఖతం!" అనేవారు, చెడ్డగా దిగితే "ఖ... తం" అనేవారు. అంతకుమించి మార్కులు లేవు. నేను దిగేముందు, రన్‌వే ఎదురుగా కనిపించగానే, కళ్ళు సగం మూసి సంకల్పం చెప్పుకునేదాన్ని. ఇక అంతే, దిగి తీరాలి. ఓ ఆషాఢం మధ్యాహ్నం ఈదురుగాలి రెక్క కింద చెయ్యి పెట్టి మమ్మల్ని పక్కకి తోసేస్తోంది. "లేపు బిడ్డా, లేపు!" అని పక్కసీట్లోంచి సార్ అరుస్తున్నారు. నేనింకా గోత్రం దగ్గరే ఉన్నాను. చివరికి ఆయనే ఇంజను హోరెత్తించి విమానాన్ని పైకి లేపారు.

"ఏంది బిడ్డా, ఇనబడ్తలేదా?"

"మొదలుపెట్టాక మధ్యలో వదలకూడదు కదండీ సార్."

"గా మాట ఎవలు జెప్పిన్రు?"

"మా సత్సంగంలో."

"మీ సత్సంగానికి రెక్కలున్నయా?"

దిగాక, రన్‌వేకి ముందున్న రేకుల షెడ్డు చూపించారు. "గా కోళ్ల ఫారం దాటేటాల్లకు బండి సీదా ఉండాలె, స్పీడు ఆగమాగం కావొద్దు. రెండిట్ల ఏది తప్పినా లేపుడే. సోంచాయించుడు లేదు. నేల యాడికి పోతది? ఒక రౌండు కొట్టొస్తె గాడనే ఉంటది." ఇంటికి వస్తుంటే దారిలో నాకు జ్ఞానోదయమైంది. చుట్టూ తిరగడం అంటే పూజ వదిలేయడం కాదుగా, అదీ పూజే, ప్రదక్షిణ! మనసు తేలికపడింది. నా రెండో పొరపాటు సరిగ్గా అక్కడే మొదలైంది.

మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు రానే వచ్చింది. ఒక్క రౌండు కొట్టి క్షేమంగా దిగితే చాలు, సార్ నన్ను నమ్మినట్టే. లేకపోతే మళ్ళీ ఆయన పక్కనే, మళ్ళీ మొదటి నుంచీ. లేచేటప్పుడు ఆకు కదలలేదు. తిరిగి వచ్చేసరికి గాలి రేగింది. కోళ్ల ఫారం మీద ముక్కు పక్కకి తిరిగింది, లేపాను. "శభాష్" అంది రేడియో, కింద నిలబడ్డ సార్ గొంతుతో. రెండోసారి స్పీడు పడుతూ లేస్తూ ఆగమాగమైంది, లేపాను. "మస్తు జేసినవ్ బిడ్డా." మూడోసారి గాలి బుద్ధిమంతుడిలా కూర్చుంది. విమానం తిన్నగా ఉంది, స్పీడు సరిగ్గా ఉంది. కానీ ప్రదక్షిణలు రెండే అయ్యాయి! రెండు దగ్గర ఎవరైనా ఆపుతారా? లేపాను.

"గిప్పుడేమైంది? మంచిగనే ఉండె గద!"

"రెండే అయ్యాయి సార్, మూడు పూర్తిచేద్దామని..."

రేడియో చాలా శాంతంగా, "లేసినంక కొట్టిన మొదటి రౌండు ఏడ వోయింది బిడ్డా? గది కలిపితె మూడు గప్పుడే అయినయ్" అంది.

నిజమే. లెక్క తప్పాను. గాలి నా లెక్క కోసం ఆగలేదు. నాలుగోసారి అది రెక్కని ఎంత వంచిందంటే, షెడ్డు రేకుల మీది మేకులు కనిపించాయి. లేపాను. పెట్రోలు ముల్లు అడుగుకు దగ్గరపడుతోంది. అప్పుడు జీవితంలో మొదటిసారి షరతుల్లేకుండా ప్రార్థించాను. స్వామీ, ఇక నేను లెక్కపెట్టను. దిగవలసి వస్తే దిగుతాను, లేపవలసి వస్తే లేపుతాను, కోళ్ల ఫారం దగ్గర నా కళ్ళు మాత్రం తెరిచి ఉంచు. అయిదోసారి కళ్ళు పూర్తిగా తెరుచుకునే వచ్చాను. గాలి తోసింది, నేను సర్దాను. షెడ్డు దగ్గర విమానం సీదాగా ఉంది, స్పీడు నిలకడగా ఉంది. దిగాను. (మూడు గెంతులు గెంతాకే అనుకోండి.) "ఖ... తం" అన్నారు సార్, అప్పటిదాకా బిగపట్టిన ఊపిరంతా వదిలేస్తూ.

విమానం ఆపేసరికి కోళ్ల ఫారం ఆసామి స్కూటరు మీద వచ్చేశాడు. "మేడం, మీ మొక్కు నా కోళ్ల మీదనేనా? పరేషాన్ అయ్యి ఒక్కటన్న గుడ్డు పెడ్తలేదు!" ఇంతలో ఫోను. మేడ మీంచి అమ్మా, సత్సంగం ఆడవాళ్ళూ అంతా చూశారట. "అయిదు తిరిగావు కదే అమ్మలూ! ఇంకో ఆరు చేస్తే పదకొండయ్యేవి, పుణ్యం ఉండేది" అంది అమ్మ.

ఇప్పుడు ఆ పక్కసీట్లో నేను కూర్చుంటున్నాను. సంకల్పం నేలమీదే, ఇంజను వేయకముందే చెప్పుకుంటాను. కోళ్ల ఫారం పోయి విల్లాలు వచ్చాయి. అలవాటు చొప్పున శిష్యులతో "కోళ్ల ఫారం దాటేలోపు తేల్చుకోండి" అంటాను. "ఏ కోళ్ల ఫారం మేడమ్?" అంటారు వాళ్ళు కిందికి వెతుకుతూ. ఏం చెప్పను? గాలి రేగిన రోజున ఆ విల్లాల మీదుగా వస్తుంటే, సగం కళ్ళు మూసుకున్న ఓ పిల్ల వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఆ రేకుల చుట్టూ ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది. దిగమ్మా, మూడూ ఎప్పుడో అయిపోయాయి, అని చెప్పాలనిపిస్తుంది.